ముందు ఆకు వయసు చూడండి

అందరికీ నమస్కారం.

అక్వేరియం ట్యాంకులో మొక్క పాడవుతోందనగానే మనం అడిగే మొదటి మాట "ఏ మందు పోయాలి?" అని. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ముందు చూడాల్సింది, దెబ్బ ముదురాకు మీద మొదలైందా, లేతాకు మీద మొదలైందా అన్నది. వ్యవసాయం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వరిలోనైనా వేరుశనగలోనైనా పోషక లోపాన్ని పట్టుకునే దారి ఇదే. నీళ్లలో పెరిగినంత మాత్రాన మొక్క తీరు మారిపోదు.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. కొరత పడితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. కాబట్టి కింది ఆకులు ముందు దెబ్బతింటాయి. ఇనుము, కాల్షియం అలా కదలవు, చేరిన ఆకులోనే ఉండిపోతాయి. వాటి లోటు కొత్త చిగురులోనే బయటపడుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే.

ఇక్కడ పళ్లెంలో హైగ్రోఫిలా పాలిస్పెర్మా కాడ పెట్టాను, ముందు వరుసవాళ్లు దగ్గరికొచ్చి చూడండి. మన దేశంలో పుట్టిన మొక్కే ఇది. కొన ఆకులు నిగనిగలాడుతున్నాయి. కిందికి వస్తే గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు, ప్రతి చిల్లు చుట్టూ పసుపు అంచు. ఇంకా చిల్లు పడనిచోట గోధుమరంగు చుక్క ఉంది, రేపు అదే చిల్లవుతుంది. ఇది పొటాష్ లోపం. నత్త కొరికి ఉంటే చిల్లు చుట్టూ ఆకు పచ్చగానే ఉంటుంది, లేతాకులకూ దెబ్బ తగులుతుంది. ఆ పసుపు అంచు చూడకుండా నత్తల మీద నింద వేస్తుంటాం.

చేపలున్న ట్యాంకులో ఈ లోపం ఎందుకొస్తుందంటే, మేత, చేపల వ్యర్థాల ద్వారా నత్రజని, భాస్వరం ఎంతో కొంత చేరతాయి కానీ పొటాష్ చాలినంత చేరదు. దీనికి ఖరీదైన సీసాలు అక్కర్లేదు. డ్రిప్పులో వాడే, నీటిలో పూర్తిగా కరిగే 0-0-50, అంటే పొటాషియం సల్ఫేట్, మన ఎరువుల దుకాణాల్లోనే దొరుకుతుంది. 100 లీటర్ల నీటికి 1 గ్రాము వేస్తే లీటరుకు సుమారు 4.2 మిల్లీగ్రాముల పొటాషియం వస్తుంది. వారానికోసారి నీళ్లు మార్చాక వేస్తే సరిపోతుంది. చెంచా లెక్క కాదు, చిన్న త్రాసు కొనుక్కోండి. కింది ఆకులు చిల్లులు లేకుండా మొత్తంగా పాలిపోయి, పల్చబడి రాలుతుంటే నత్రజని తక్కువైందని అర్థం. చేపలు కొద్దిగా, మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకులో ఇది మామూలే. అప్పుడు 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. 100 లీటర్లకు 1 గ్రాము వేస్తే లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల నైట్రేట్ వస్తుంది. యూరియా, 19-19-19 మిశ్రమ ఎరువు మాత్రం ట్యాంకు దరిదాపులకు రానివ్వకండి. వాటి వల్ల నీళ్లలో అమ్మోనియా పెరిగి చేపల ప్రాణం మీదికొస్తుంది. సూక్ష్మధాతువుల పొడి కొనేటప్పుడు, రొయ్యలు పెంచేవాళ్లయితే, అందులో రాగి ఎంతుందో చూసుకోండి.

ఇప్పుడు చిగురు సంగతి. కొత్త ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ ఇలాగే పసుపెక్కుతుంది, రైతులు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతారు. మనకు ఆ వీలు లేదు. అన్నభేది నీళ్లలో వేస్తే ఇనుము తుప్పులా మారి అడుగుకు దిగిపోతుంది. అందుకే చిలేటెడ్ ఐరన్ వాడతాం, అంటే చిలేట్ అనే పదార్థం పట్టి ఉంచడంతో నీళ్లలో కరిగే ఉండే ఇనుము. అందులోనూ రకాలున్నాయి, మన దగ్గర చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇడిటిఎ రకం పీహెచ్ సుమారు 6.5 దాటితే ఇనుమును పట్టి ఉంచలేదు. డిటిపిఎ రకం 7.5 వరకు నిలుస్తుంది. బోరు నీళ్ల పీహెచ్ అంతకన్నా ఎక్కువే ఉండే ఇళ్లు ఎన్నో. అలాంటి నీళ్లలో ఇడిటిఎ ఎంత పోసినా చిగురు తెల్లగానే ఉంటుంది, మనమేమో డోసు పెంచుతూ పోతాం. సీసా వెనక ఏ చిలేట్ అని రాశారో చదవండి, నీళ్ల పీహెచ్ కొలవండి.

చిగురు పసుపెక్కకుండా వంకరపోయి, ముడుచుకుని, చిన్నదైపోతే కాల్షియం వైపు చూడాలి. పూర్తిగా ఆర్వో నీళ్లే పోసే ట్యాంకుల్లో ఇది ఎక్కువ. ఆర్వో కాల్షియం, మెగ్నీషియం రెండింటినీ తీసేస్తుంది. బోరు నీళ్లు కొంత కలపండి, అంతే.

అసలు జబ్బే కానివి కొన్ని ఉన్నాయి. నర్సరీల్లో చాలా మొక్కల్ని నీటిపైన, గాలిలో పెంచుతారు. ట్యాంకులో దించాక ఆ పాత ఆకులు కుళ్లి, నీళ్లకు సరిపడే కొత్త ఆకులు వస్తాయి. క్రిప్ట్ (క్రిప్టోకొరైన్) మొక్కలైతే చోటు మారినా, నీళ్లు మారినా ఆకులన్నీ కరిగిపోవచ్చు. పీకి పారేయకండి! వేరు బతికే ఉంటుంది, కుళ్లిన ఆకులు తీసేసి దాన్ని కదపకుండా వదిలేస్తే మళ్లీ మొలుస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్ మాత్రం వేరే కథ. వాటి దుంపను ఇసుకలో పూడిస్తే మెత్తబడి కుళ్లుతుంది. ఎరువు వల్ల బాగుపడదు. మెత్తబడిన భాగం కోసేసి, గట్టిగా ఉన్న ముక్కను దారంతో రాయికో కట్టెకో కట్టండి.

ఏ మార్పు చేసినా ఒక్కటే చేయండి, రెండు వారాలు ఆగండి. చిల్లు పడిన ఆకు మళ్లీ పూడదు, పాత ఆకు చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. తర్వాత వచ్చిన ఆకు ఎలా ఉందో అదే మీకు జవాబు.

ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చుల్లా నాచు పడితే, ఎక్కువసార్లు కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అందడం వల్లే. గ్యాసు నిలకడగా ఇవ్వండి. గ్యాసు బదులు సీసాల్లో అమ్మే లిక్విడ్ కార్బన్ వాడితే వాలిస్నేరియా, జావా మాస్ లాంటి మాస్ మొక్కలు కరిగిపోవచ్చని గుర్తుంచుకోండి.

చివరగా ఎండాకాలం. మే నెలలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. వేడి నీటిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ తక్కువ కరుగుతాయి, మొక్క మాత్రం ఎక్కువ ఊపిరి తీస్తుంది. ఏప్రిల్ దాకా బాగున్న మొక్క మేలో కరిగితే ఎరువు వెతకకండి. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీటి బదులు ఆర్వో నీళ్లు పోయండి, బోరు నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి. లైటు 6 గంటలకు తగ్గించండి. రాత్రిపూట గ్యాసు కట్టేసి, గాలి పంపు మాత్రం ఆపకండి.