కోల్డ్ ప్యాక్ లోపల ఏం పోస్తున్నరు? మూడు ప్యాక్‌ల రివ్యూ

నమస్తే అందరికీ, హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. టేబుల్ మీద మూడు ఇన్‌స్టంట్ కోల్డ్ ప్యాక్‌లు ఉన్నయ్ సూడుండ్రి, ఫ్రిజ్ అక్కర్లేదు, పిండితే చాలు చల్లబడ్తది అని అమ్ముతరు గదా గవే. జేఎన్ఎస్ గ్రౌండ్‌ల కబడ్డీ ఆడే పోరగాళ్లకు కాలు బెణికితే అక్కడ ఐసు యాడ దొరుకుతది, గందుకే తెప్పిచ్చిన.

ఇప్పుడు ఫస్ట్ దాన్ని గట్టిగ పిండుతున్న... టప్ మన్నది ఇనవడ్డదా, లోపల నీళ్ల సంచి పలిగింది. చుట్టూ ఉన్న తెల్ల గుళికలు ఆ నీళ్లల్ల కరుగుతయ్, కరిగేటప్పుడు చుట్టుపక్కల వేడిని గుంజుకుంటయ్, ఇంటర్ల ఎండోథర్మిక్ అని సదివినం గదా గదే ఇది. ఒక్కసారే పనిజేస్తది, మళ్ల ఫ్రిజ్‌ల పెట్టుకునే జెల్ ప్యాక్ వేరే, రెండిట్ని కలపకుండ్రి.

మరి ఆ గుళికలు ఏంటియి? ఎక్కువగ అమ్మోనియం నైట్రేట్ లేకపోతే యూరియా, కొన్నిట్ల అమ్మోనియం క్లోరైడ్, కాల్షియం అమ్మోనియం నైట్రేట్ గూడ వాడుతరు. సూస్తె అన్నీ ఒక్కతీరే తెల్లగ ఉంటయ్. ఎంత చల్లబడ్డదో సూసి లోపల ఏమున్నదో చెప్తం అంటరు కొందరు, అది కుదరదు, ఎందుకంటే గ్రాము అమ్మోనియం నైట్రేట్ కరిగితే సుమారు 320 జౌల్స్ వేడి గుంజుతది, యూరియా అయితే సుమారు 250, తేడా ఉన్నది గానీ గుళికలెన్ని నీళ్లెన్ని పోసిన్రో దాన్నిబట్టి మొత్తం లెక్కే మారిపోతది. కోసి సూసుడు అసలే వద్దు.

నమ్మాల్సింది లేబుల్, ఇంకా సేఫ్టీ డేటా షీట్, అంటే లోపల ఏ కెమికల్ ఉన్నది, ఏం జాగ్రత్తలు అని కంపెనీ ఇచ్చే కాగితం. దాంట్ల సీఏఎస్ నంబర్ ఉంటది, అంటే ఒక్కో కెమికల్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్, యూరియాకు 57-13-6, అమ్మోనియం నైట్రేట్‌కు 6484-52-2. పేరు ఎట్ల మార్చి రాసినా నంబర్ మారది.

అమ్మోనియం నైట్రేట్ అనంగనే 2020ల బీరుట్ పోర్టుల పేలిందే యాదికొస్తది, మన దేశంల గూడ దానికి 2012 నుంచి సపరేట్ రూల్స్ ఉన్నయ్. ఫస్ట్ ఎయిడ్ డబ్బల ఉన్న ఒక్క ప్యాక్ పేలుతదని భయపడకుండ్రి, నాకైతే చిన్నపిల్లలు కొరుకుతరేమో అన్నదే భయం, నైట్రేట్ కడుపులకు పోతే రక్తం ఆక్సిజన్ మోసుడు తగ్గుతది, ప్యాక్ కవర్ గూడ పట్టుకొని డాక్టర్ దగ్గరికి ఉరకాలె. అందుకే ఇంట్ల చిన్నపిల్లలుంటే నా ఓటు యూరియాకే. అట్లని పొలం యూరియాతోని మీరే చేసుకునుడు వద్దు, అది వేపనూనె పట్టిచ్చిన సబ్సిడీ సరుకు, 2025 వానకాలంల దానికోసం రైతులు చెప్పులు లైన్ల పెట్టి నిలవడ్డరు, మనం ఐసు చేసుకునుడేంది!

ఇగ రిజల్ట్. మొదటిదాని మీద యూరియా అని సాఫ్‌గ ఉన్నది, ఇదే కొనుండ్రి, తువ్వాల చుట్టి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు, డైరెక్ట్‌గ చర్మం మీద పెట్టొద్దు. రెండోది అమ్మోనియం నైట్రేట్, పెద్దోళ్ల టీమ్ కిట్ల ఉంటే ఓకే. మూడోదాని మీద ఏం లేదు, ఆన్‌లైన్ల అమ్మినాయనకు లోపల ఏమున్నదని మెసేజ్ పెడితే “బెస్ట్ క్వాలిటీ కూలింగ్ సర్” అన్నడు, రిటర్న్ పెట్టిన.