మాట వినని అన్న: ‘సానీస్ బ్లూస్’ కథలోని మనుషులు

నమస్కారం. ఈ వీడియోలో అమెరికన్ నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ కథ ‘సానీస్ బ్లూస్’ గురించి మాట్లాడతాను. 1957లో అమెరికాలో ‘పార్టిజన్ రివ్యూ’ పత్రికలో వచ్చిన కథ ఇది. చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి, ముందు చదువుకోవాలనుకునేవారు చదివాకే ఈ వీడియో చూడండి.

మన హైదరాబాద్‌లో ఫలానా అన్నదమ్ములకు మాటల్లేవంటే మొదట ఆస్తి గురించే అడుగుతాం. ఇల్లు ఎవరి పేరున ఉంది, ప్లాటు ఎవరికి రాశారు అని. ఈ కథలో పంచుకోవడానికి ఆస్తే లేదు. న్యూయార్క్‌లో నల్లజాతివారు ఉండే హార్లెం పేట. అన్న బడిలో ఆల్జీబ్రా చెప్పే మాస్టారు. అతనికంటే ఏడేళ్లు చిన్నవాడైన సానీ పియానో వాయిస్తాడు, హెరాయిన్ అనే మత్తుమందుకు అలవాటు పడ్డాడు. తమ్ముడు అరెస్టయిన సంగతి అన్నకు బడికి వెళ్లే దారిలో, రైల్లో పేపరు చదువుతుంటే తెలుస్తుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కిన మాస్టారు ఎల్బీనగర్ చేరేలోగా ఫోనులోని వార్తల్లో సొంత తమ్ముడి పేరు చూశాడనుకోండి, అలాగన్నమాట. కబురు చెప్పే మనిషి కూడా వాళ్ల మధ్య మిగల్లేదు.

కథ చెప్పేది అన్నే, కానీ అతని పేరు ఎక్కడా రాదు. అతను చెడ్డవాడు కాడు. ఉద్యోగం, భార్య, పిల్లలు, పద్ధతైన జీవితం. చాలా ఇళ్లలో కనిపించే పెద్దకొడుకు. బాల్డ్విన్ కూడా తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. అందుకేనేమో, పెద్దకొడుకు మనసులోని భయాన్ని ఇంత లోతుగా రాయగలిగాడు. తమ్ముడి మీద అతనికి ప్రేమ ఉంది, అయితే అది వాడు ఎక్కడ చెడిపోతాడోనన్న భయంగానే బయటికి వస్తుంది. ఆ భయం వల్లే అతను తమ్ముడి మాట వినలేడు.

నాకు ఈ కథకు గుండెకాయలా అనిపించేది తల్లి. తండ్రి పోయాక ఒక రోజు ఆమె పెద్దకొడుకుకు ఇంట్లో ఎన్నడూ ఎత్తని సంగతి చెబుతుంది. వాళ్ల తండ్రికి ఒక తమ్ముడు ఉండేవాడు, గిటార్ వాయించేవాడు. తాగి ఉన్న తెల్లవాళ్లు కారుతో తొక్కించి అతన్ని చంపేశారు. తండ్రి కళ్లముందే. ఆ మనిషి ఇక కోలుకోలేదు. ఆ దుఃఖం భార్యకు తప్ప ఎవరికీ తెలియదు, పిల్లలకు అసలే తెలియదు. తర్వాత ఆమె అడిగేది గమనించండి. తమ్ముణ్ణి బాగుచెయ్యమని అడగదు. జరిగేదాన్ని నువ్వు ఆపలేకపోవచ్చు, నువ్వున్నావని మాత్రం వాడికి తెలియనివ్వు అంటుంది. కొడుకు మాట ఇస్తాడు. రెండు రోజులకు పెళ్లి, ఆ వెంటనే మళ్లీ సైన్యం. ఇచ్చిన మాట దాదాపు మరిచిపోతాడు. మళ్లీ గుర్తొచ్చేది ఆమె అంత్యక్రియలకు సెలవు మీద వచ్చినప్పుడే.

అప్పుడే అసలు బీటపడుతుంది. ఏమవుతావని అన్న అడిగితే, జాజ్ వాయిస్తానంటాడు సానీ, పేరుమోసిన జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పేరు చెబుతాడు. ఆయనెవరో అన్నకు తెలియదు. ముందు చదువు పూర్తి చెయ్యి అంటాడు. మన ఇళ్లలో ఇంటర్ చదివే పిల్లలు రోజూ వినే మాటే కదా! తమ్ముడు అన్నగారి అత్తవారింట్లో ఉంటూ గంటల తరబడి పియానో వాయిస్తాడు, ఆ మోత వాళ్లు భరించలేరు. తర్వాత నౌకాదళం, యుద్ధం ముగిశాక తగాదాలు. నేను చచ్చిపోయాననుకో అని సానీ అనేదాకా వెళుతుంది.

అరెస్టు తర్వాత కూడా అన్న చాలాకాలం ఉత్తరం రాయడు. రెండేళ్లు దాటిన కూతురు గ్రేస్ పోలియోతో చనిపోయాక రాస్తాడు. తన కష్టమే తమ్ముడి కష్టాన్ని నిజం చేసిందని అతనే ఒప్పుకుంటాడు. అంత నిజాయితీగా చెప్పడం వల్లే అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఇక్కడే నా అసంతృప్తి కూడా ఉంది. బిడ్డను పోగొట్టుకున్న అన్న భార్య ఇసబెల్ రాత్రుళ్లు నిద్రలో ఏడుస్తూ లేస్తుంది. ఆ తల్లికి కథలో ఇంకాస్త చోటు దక్కాల్సింది. సానీ ఇంటికి వచ్చినప్పుడు వదినగా ఆమె అతనితో ఎంత తేలిగ్గా కలిసిపోతుందో చూస్తే ఆ లోటు మరింత బాధిస్తుంది.

చివర సానీ వాయించే క్లబ్బుకు అన్న వెళతాడు. దీన్ని చాలామంది రాజీ అంటారు, నేను అనను. క్షమాపణ ఎవరూ అడగలేదు. తమ్ముడికి మాట అవసరమైనప్పుడు తాను మౌనంగా ఉండిపోయిన సంగతి ఎప్పటికీ చెరగదని అన్నకు అంతకుముందే అర్థమైంది. ఆ వ్యసనం మళ్లీ రావచ్చని సానీ కూడా దాచకుండా చెప్పాడు. అక్కడ కొత్తగా జరిగింది ఒక్కటే: అన్న నోరు మెదపకుండా తమ్ముడి సంగీతం విన్నాడు. తల్లి అడిగిందీ అంతే.

ఆంగ్లం చదవగలిగినవారు తప్పక చదవండి. 1965లో వచ్చిన ‘గోయింగ్ టు మీట్ ద మ్యాన్’ సంపుటిలో ఈ కథ ఉంది. ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు తిరగేసే అలవాటుంటే బాల్డ్విన్ పేరు కోసం చూడండి. చదివినవారు ఇసబెల్ గురించి ఏమనుకున్నారో కింద రాయండి, నేను అన్నీ చదువుతాను.