పాప ఎటు చూస్తోంది?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, కొత్తగా తల్లిదండ్రులైనవారి సమావేశంలో పిల్లల ఫిజియోథెరపిస్ట్ ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్ళు ఫ్యాన్ల కిందకి వచ్చేయండి. ఈ ఉక్కలో వాళ్ళు ఏడుపు అందుకుంటే నా మాట ఎవరికీ వినబడదు.

మీరు రాసిచ్చిన చీటీలు చూశాను. సగానికి పైగా ఒకటే ప్రశ్న: "బుర్ర వెనక సొట్ట పడింది, మెదడు నొక్కుకుపోతుందా?" పోదు. పడుకున్న తీరు వల్ల వచ్చిన సొట్ట పుర్రె ఆకారాన్ని మారుస్తుంది గానీ మెదడు ఎదుగుదలను ఆపదు. ముందు ఆ టెన్షన్ దింపుకోండి.

పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకు రెండేసి సెంటీమీటర్లు పెరుగుతుంది, తర్వాత మూడు నెలలు ఒక్కోటి. అంత జోరుగా పెరగాలంటే పుర్రె ఎముకలు అతుక్కోకుండా ఉండాలి. మనం నూనె పెట్టే మాడు అలాంటి ఖాళీయే. ఆ మెత్తదనం వల్లే ఆనినచోట అణుగుతుంది, ఆనడం తప్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది కూడా.

"మా రోజుల్లో ఇన్ని సొట్టలు లేవమ్మా" అంటారు అమ్మమ్మలు. నిజమే కావచ్చు. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, పసివాళ్ళని బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది, తర్వాత వెల్లకిలానే మేలంది. తర్వాతి ఏళ్ళలో అక్కడ నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది, సొట్ట బుర్రలు పెరిగాయి. నన్నడిగితే చాలా చవక బేరం. కాబట్టి సొట్టకి భయపడి నిద్రలో బోర్లా వేయకండి.

ఆ మధ్య ఒకరింటికి వెళ్ళాను. బాబుకి మూడో నెల, కుడివైపు సొట్ట. పది నిమిషాలు స్టూలు మీద కూర్చుని ఊరికే చూశాను. మంచం గోడకి ఆనించి ఉంది. బాబుకి ఎడమన ఉత్త తెల్లగోడ. కుడివైపు కిటికీ, బొమ్మ, వాళ్ళమ్మ, టీవీ చూసే నానమ్మ. గోడని చూస్తూ పడుకోమంటే మనం మాత్రం పడుకుంటామా? కాళ్ళ వైపుకి తల పెట్టించాను. కిటికీ ఎడమకి వచ్చింది. వాడు అటు తిరగబోయి సగంలో ఆగాడు, ఇంకా తిరగాలంటే భుజం కూడా లేచి వస్తోంది. అసలు సంగతి అక్కడుంది: మెడ పక్క కండరం బిగుసుకుపోయింది. వ్యాయామాలు నేర్పించాను. మెడ పూర్తిగా తిరగడానికి మూడు నెలలు పట్టింది.

అందుకే బుర్ర ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపకండి, గిలక్కాయ పట్టుకోండి. కళ్ళ ముందు నుంచి ఒక భుజం వైపుకి, తర్వాత రెండో భుజం వైపుకి మెల్లగా జరపండి. ఒకవైపు గడ్డం భుజం దాకా వెళ్ళి, రెండోవైపు సగంలో ఆగిపోతే ఆలస్యం చేయకుండా చూపించండి.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, పక్కనే ఉండి బోర్లా వేయండి. మొదట్లో రోజుకి రెండు మూడుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. నాన్నల గుండె మీదైనా సరే, పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. ఇదేం కొత్త విద్య కాదు. పీట మీద కాళ్ళు చాపుకుని, బిడ్డని బోర్లా వేసి వీపుకి నలుగు పెట్టిన అమ్మమ్మలు ఇదే చేశారు. అయితే నీళ్ళు పోశాక బుర్రని గుండ్రంగా ఒత్తడం మాత్రం మానేయండి.

ఆవాల దిండు? వద్దు. తల ఆకారం కోసం అమ్మే దిండ్లు వాడొద్దని, ఊపిరాడకపోయే ప్రమాదం ఉందని 2022లో అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇక బుర్ర ఆకారం సరిచేయడానికి పెట్టే హెల్మెట్. రోజుకి 23 గంటలు పెట్టాలి, అదీ మన విశాఖ చెమటలో! 2014లో నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, హెల్మెట్ పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సొట్ట మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు చెప్పొచ్చు, ప్రకటన చూసి మాత్రం కొనకండి.

పుట్టుకతోనే తల వంకరగా ఉన్నా, పుర్రె అతుకు మీద గట్టిగా గట్టులా తగిలినా నా దగ్గరికి కాదు, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అతుకులు ముందే మూసుకుపోతే ఆపరేషన్ అవసరం కావచ్చు.

సరే, గిలక్కాయలు తెచ్చాను, ఒక్కొక్కరే రండి. ఆ పసుపు చొక్కా బాబు ఇందాకటి నుంచీ ఎడమకే చూస్తున్నాడు, వాడితో మొదలుపెడదాం. ఓ, అటువైపు ఫ్యాన్ ఉందా! ముందు వాణ్ని ఇటు తిప్పి కూర్చోబెట్టండమ్మా.