దీపం పెంచకు

అందరికీ నమస్కారం.

పిల్లల కథను పెద్దల కోసం మళ్లీ రాయాలంటే చాలామంది ముందు రక్తపాతం కలుపుతారు. అది అక్కర్లేదని నా నమ్మకం. ఎన్నటికీ ఎదగని పిల్లాడి కథ, పీటర్ పాన్‌నే చూడండి. జె.ఎం. బ్యారీ నాటకాన్ని 1904 డిసెంబర్ 27న లండన్‌లో మొదటిసారి ఆడారు. 1911లో నవలగా వచ్చింది. ఎగిరే పిల్లలు, గడియారం మింగిన మొసలి... మనకు గుర్తుండేవి ఇవే.

నవల తెరిస్తే ఒళ్లు జలదరిస్తుంది. తనతో ఉన్న పిల్లలు ఎదుగుతున్నారనిపిస్తే పీటర్ వాళ్లను ఏరేస్తాడు. ఎలాగో బ్యారీ చెప్పడు. తన శత్రువైన సముద్రపు దొంగ హుక్‌ని చంపిన ఏడాదికే, హుక్ ఎవరని, తనతో ఎగిరొచ్చిన అమ్మాయి వెండీని అడుగుతాడు. చంపాక మర్చిపోతాడట! తనకు తోడుగా తిరిగిన చిట్టి దేవకన్య టింకర్ బెల్ కూడా గుర్తుండదు.

బ్యారీకి ఆరేళ్లప్పుడు, 1867లో, అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ ప్రమాదంలో పోయాడు. మర్నాడు డేవిడ్ పద్నాలుగో పుట్టినరోజు. తల్లి మనసులో ఆ పిల్లాడి వయసు అక్కడే ఆగిపోయింది. ఇది తెలిశాక, ఎన్నటికీ ఎదగకపోవడం నాకు వరంలా అనిపించలేదు.

అలాగని పీటర్‌ని విలన్ చేయడం నాకిష్టం లేదు. వాడూ ఒకసారి అమ్మ దగ్గరికి తిరిగి ఎగిరొచ్చాడు. కిటికీకి ఊచలున్నాయి. తన మంచం మీద ఇంకో పిల్లాడు నిద్రపోతున్నాడు. వాడు చెప్పుకునే మాట ఇది. వాడి క్రూరత్వం పక్కన ఈ దెబ్బనూ ఉంచాలి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయకూడదు.

నేను రాస్తే చివరి అధ్యాయం నుంచి మొదలుపెడతాను. వెండీ పెద్దదైంది. కూతురు జేన్ నిద్రపోతోంది. కుట్టుపని కనబడాలని వెండీ నిప్పుగూడు పక్కన నేల మీద కూర్చుంది. పీటర్ కిటికీలోంచి దూకాడు. వాడి పాలపళ్లు ఇంకా ఊడలేదు. మసక వెలుతురులో ఆమెలో తేడా వాడికి తెలియలేదు. ఆమె మాత్రం, పెద్దదాన్నయ్యానన్న తప్పు చేసినట్టు, ఒళ్లు ముడుచుకుంది. దీపం పెంచుతాను, నువ్వే చూడు అంది. ఎవరికీ భయపడని పిల్లాడు, వద్దని బతిమాలాడు.

ఆమె దీపం పెంచింది. వాడు చూశాడు. బాధతో కేక పెట్టాడు.

వాడిని ఎత్తుకుందామని ఆమె వంగింది. వాడు వెనక్కి జరిగాడు. ఆ చాచిన చేతుల దగ్గర నా కథ మొదలవుతుంది.