దేవతలు ఎందుకు వీరులు కాలేరు? ఇలియడ్ చూపించే వీరత్వం

[తెర మీద: ట్రాయ్ కోట గోడలు, ఎదురుగా సముద్రతీరంలో బారులు తీరిన గ్రీకుల ఓడలు]

ట్రాయ్ యుద్ధం అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది చెక్క గుర్రం, ఆ తర్వాత అకిలీస్ మడమ. గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఈ రెండూ లేవు. ట్రాయ్ పతనం లేదు, అకిలీస్ మరణమూ లేదు. పదేళ్ల యుద్ధంలో చివరి ఏడాది, సుమారు యాభై రోజుల్లో జరిగిన కథ అది. దానికే 24 సర్గలు, దాదాపు 15,700 పంక్తులు పట్టాయి. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం ప్రాంతంలో ఈ కావ్యం రూపుదిద్దుకుందని ఎక్కువమంది పండితులు అంటారు.

అంత పెద్ద కావ్యానికి అన్ని రోజులే ఎందుకు చాలాయి? యుద్ధం ఎవరు గెలుస్తారో వినేవాళ్లకు ముందే తెలుసు. చనిపోక తప్పదని తెలిసిన మనిషి ఏం చేస్తాడన్నదే హోమర్ పట్టుకున్న విషయం.

[తెర మీద: లిసియా రాజు సార్పెడాన్, పక్కన గ్లాకస్]

ఈ మాటను అందరికంటే సూటిగా అన్నవాడు సార్పెడాన్. ట్రాయ్‌కు సాయంగా లిసియా నుంచి వచ్చిన రాజు. 12వ సర్గలో గ్రీకుల రక్షణ గోడ మీదికి వెళ్లే ముందు తన బంధువు గ్లాకస్‌తో మాట్లాడతాడు. మన దేశంలో మనకు పెద్దపీట ఎందుకు వేస్తున్నారు? మంచి మాంసం, నిండు పాత్రలు ఎందుకు పెడుతున్నారు? నది ఒడ్డున సారవంతమైన పొలాలు ఎందుకు ఇచ్చారు? ముందు వరుసలో మనం నిలబడాలి, అందుకే. ఇంతవరకు ఏ సేనాపతి అయినా అనగలడు. తర్వాత అన్నది సార్పెడానే అనగలడు. ఈ యుద్ధం నుంచి తప్పించుకుంటే మనకు ముసలితనం, చావు లేకుండా పోతాయంటే, నేను ముందుకు వెళ్లను, నిన్ను వెళ్లమనీ అనను. కానీ చావు వేల రూపాల్లో మన చుట్టూ నిలబడి ఉంది. పద, వెళ్దాం. కీర్తి మనకు దక్కనీ, మనల్ని చంపినవాడికి దక్కనీ.

చావు ఉంది కాబట్టే తెగువకు విలువ. నా దృష్టిలో ఇలియడ్ మొత్తానికి తాళంచెవి ఈ ప్రసంగమే.

ఇప్పుడు దేవతల సంగతి చూడండి. 5వ సర్గలో ఎథీనా దేవత అండతో గ్రీకు యోధుడు డయోమిడీస్ యుద్ధ దేవుడు ఏరీస్‌నే ఈటెతో పొడుస్తాడు. ఏరీస్ తొమ్మిది, పది వేలమంది ఒక్కసారి అరిచినట్లు అరుస్తాడు. దేవతలుండే ఒలింపస్ కొండకు పరుగెత్తి తండ్రి, దేవతల రాజు జ్యూస్‌కు మొరపెట్టుకుంటాడు. దేవవైద్యుడు మందు వేయగానే గాయం మానుతుంది, స్నానం చేసి జ్యూస్ పక్కన దర్జాగా కూర్చుంటాడు. 21వ సర్గలో దేవతలు వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. జ్యూస్ కూర్చుని చూస్తూ నవ్వుకుంటాడు. వాళ్లకు పోయేదేమీ లేదు. ఇంత బలం ఉన్నా ఒలింపస్‌లో వీరుడన్నవాడు ఒక్కడూ లేడు.

[తెర మీద: సార్పెడాన్ మృతదేహాన్ని చూపించే గ్రీకు పాత్ర]

ఆ నవ్వే జ్యూస్ నిస్సహాయుడై నిలిచిన చోటు ఒకటుంది. సార్పెడాన్ ఆయన సొంత కొడుకు. 16వ సర్గలో అకిలీస్ స్నేహితుడు పట్రోక్లస్ చేతిలో వాడు చావబోతున్నాడని తెలిసి, ఎత్తుకుపోయి కాపాడనా అని జ్యూస్ ఊగిసలాడతాడు. నువ్వు నీ కొడుకును కాపాడితే మిగతా దేవతలు మాత్రం తమ కొడుకులను ఎందుకు వదులుకుంటారని ఆయన భార్య హీరా నిలదీస్తుంది. ఆయన తల వంచి, నేల మీద నెత్తుటి చినుకులు కురిపిస్తాడు. తెర మీద చూస్తున్న పాత్ర క్రీస్తు పూర్వం 515 ప్రాంతంలో ఏథెన్స్ చిత్రకారుడు యూఫ్రోనియోస్ వేసింది. నిద్ర, మృత్యువు అనే రెక్కల కవలలు సార్పెడాన్‌ను చెరో వైపు పట్టుకుని ఎత్తుతున్నారు. గాయాల నుంచి రక్తం ఇంకా కారుతోంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి ఈ పాత్ర 2008లో ఇటలీకి తిరిగి వచ్చింది.

[తెర మీద: గుడారంలో వీణలాంటి వాద్యం మీటుతున్న అకిలీస్]

ఇక గ్రీకుల్లో అందరికంటే గొప్ప యోధుడు అకిలీస్. తనకు దక్కిన బందీ స్త్రీ బ్రిసేయిస్‌ను గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ లాక్కున్నందుకు యుద్ధం మానేశాడు. 9వ సర్గలో అతన్ని తిరిగి రమ్మని అడగడానికి రాయబారులు వచ్చేసరికి అతను వాద్యం మీటుతూ వీరుల గాథలు పాడుకుంటున్నాడు. ఆ వాద్యం అతను కొల్లగొట్టిన నగరంలోది. ఆ నగరపు రాజు ఎవరంటే ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ భార్య ఆండ్రోమకే తండ్రి, అకిలీస్ చేతిలోనే చనిపోయాడు. హోమర్ దీన్ని ఎత్తి చూపడు, రెండు చోట్ల విడివిడిగా చెప్పి వదిలేస్తాడు. కలుపుకోవలసింది మనమే.

రాయబారులు బోలెడన్ని కానుకలు ఏకరువు పెడితే అకిలీస్ ఇచ్చే జవాబు గ్రీకు వీరధర్మపు పునాదినే కదిలిస్తుంది. పిరికివాడికీ ధీరుడికీ ఒకే గౌరవం, ఇద్దరికీ చావూ ఒకటే. పశువులను కొల్లగొట్టి తేవచ్చు, మనిషి ప్రాణం ఒకసారి పళ్ల వరుస దాటిపోతే వెనక్కి తేలేం. తన తల్లి, దేవత అయిన థెటిస్ చెప్పిన రెండు దారుల గురించీ అంటాడు. ఇక్కడే ఉండి పోరాడితే త్వరగా చావు, చెరగని కీర్తి. ఇంటికి వెళ్తే కీర్తి పోతుంది, ఆయుష్షు మిగులుతుంది.

కీర్తి కోసమే అతను మొదటి దారి ఎంచుకున్నాడని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. 18వ సర్గలో పట్రోక్లస్ హెక్టర్ చేతిలో చనిపోయాడన్న కబురు వింటాడు. హెక్టర్‌ను చంపితే వెంటనే నీ వంతే అని తల్లి ఏడుస్తుంటే, ఇప్పుడే చస్తాను, నా స్నేహితుడు చనిపోతుంటే ఆదుకోలేకపోయాను అంటాడు. కీర్తి మాట తర్వాత వస్తుంది. ముందు వచ్చేది దుఃఖం, అపరాధ భావం.

[తెర మీద: కోట ద్వారం దగ్గర హెక్టర్, ఆండ్రోమకే, దాది చేతుల్లో పసివాడు]

హెక్టర్‌ది ఇంకో రకం బరువు. 6వ సర్గలో భార్య కోటలోనే ఉండమని బతిమాలుతుంది. ట్రాయ్ కూలిపోయే రోజు వస్తుందని తన మనసుకు తెలుసంటాడు. పరాయి దేశంలో ఎవరి మగ్గం మీదో ఆమె బట్ట నేస్తూ, ఎవరి కోసమో నీళ్లు మోస్తూ ఉండటం ముందే చూస్తాడు. అయినా వెళ్లకపోతే ఊరివాళ్ల ముఖం చూడలేనంటాడు. కొడుకు వైపు చేతులు చాస్తే, శిరస్త్రాణం మీద ఊగే గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి పసివాడు జడుసుకుని దాది గుండెలకు అతుక్కుంటాడు. తల్లిదండ్రులు ఇద్దరూ నవ్వేస్తారు. హెక్టర్ శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టి, బిడ్డను ముద్దాడి ఎగరవేస్తాడు. కొడుకు తనను మించినవాడు కావాలని దేవుళ్లను వేడుకుంటాడు.

ఆ హెక్టరే 22వ సర్గలో అకిలీస్‌ను చూసి భయపడి కోట చుట్టూ మూడుసార్లు పరుగెడతాడు. హోమర్ దాన్ని దాచలేదు. భయపడినవాడే చివరికి ఆగి, తిరిగి నిలబడతాడు. అతను చనిపోయేసరికి ఆండ్రోమకే ఇంట్లో ఉంది. భర్త యుద్ధం నుంచి రాగానే స్నానానికి నీళ్లు కాచమని దాసీలకు చెబుతోంది.

[తెర మీద: రాత్రి, అకిలీస్ గుడారంలో మోకరిల్లిన ముసలి రాజు]

చివరి సర్గలో అసలైన సాహసం చేసినవాడి చేతిలో ఆయుధం లేదు. హెక్టర్ తండ్రి ప్రియమ్, కొడుకు శవాన్ని అడగడానికి శత్రు శిబిరంలోకి వచ్చి అకిలీస్ మోకాళ్లు పట్టుకుని, తన కొడుకులను చంపిన చేతులను ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని తలుచుకో అంటాడు. అకిలీస్‌కు తన ముసలి తండ్రి పీలియస్ గుర్తుకొస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకరు హెక్టర్ కోసం, ఒకరు పీలియస్ కోసం, పట్రోక్లస్ కోసం.

అకిలీస్ మారిపోయి సాధువు కాలేదు. హెక్టర్ శవాన్ని తండ్రికి కనబడకుండా పక్కకు తీసుకెళ్లి కడిగిస్తాడు. కొడుకును చూసి ప్రియమ్ కోపం పట్టలేకపోతే, తనకూ ఆవేశం వచ్చి ఆ ముసలివాణ్ణి చంపేస్తానేమోనని అతని భయం. తన కోపం ఎలాంటిదో తెలిసి, దానికి అడ్డుకట్ట వేసుకున్నాడు. కావ్యం తొలి పంక్తిలోనే అకిలీస్ కోపాన్ని పాడమని దేవతను వేడుకున్న కవి ఇక్కడి వరకు వచ్చాడు. తర్వాత అంత్యక్రియలకు ఎన్ని రోజులు కావాలో అకిలీస్ అడుగుతాడు. పదకొండు రోజులు, పన్నెండో రోజు తప్పదంటే పోరాడదాం అంటాడు ప్రియమ్.

మొదటిసారి చదివేవాళ్లు 1వ సర్గ తర్వాత నేరుగా 6, 9, 12, 16, 18, 22, 24 సర్గలు చదవండి. 2వ సర్గలో ఓడల జాబితా చాలా పొడుగ్గా ఉంటుంది, అక్కడ ఆగిపోకండి. ఇవి పూర్తయ్యాక మిగతావి చదివితే, ఆ జాబితాలోని పేర్లలో ఎవరెవరు తిరిగి ఇంటికి వెళ్లరో తెలిసి ఉంటుంది.