శాటిలైట్ క్యాంపులు: పెద్ద కోచ్‌ల గొడవలో చిన్న ఊరి కుర్రాడికి దక్కిందేంటి?

2015 జూన్. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ప్రాట్‌విల్ అనే ఊరు. అక్కడి హైస్కూల్ గ్రౌండ్‌లో పిల్లలతో పాటు చొక్కా విప్పేసి పరిగెడుతున్నాడు యాభై దాటిన ఒకాయన. పేరు జిమ్ హార్బా. అప్పట్లో మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్. ఆయన కాలేజీ ఉన్న ఆన్ ఆర్బర్ అక్కడికి దాదాపు 800 మైళ్లు. అలబామా అంటే ఆబర్న్, అలబామా యూనివర్సిటీల సొంత పెరడు. పరాయి ఊరి కోచ్ వచ్చి ఆ పెరట్లో చొక్కా లేకుండా ఆడుతుంటే వాళ్లకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి.

నమస్కారం. ఈ వీడియోలో మనం మాట్లాడుకునేది శాటిలైట్ క్యాంపుల గురించి. కాలేజీ కోచ్‌లు సొంత క్యాంపస్ వదిలి, బయట ఊళ్లలో పెట్టే క్యాంపులకు వెళ్లి హైస్కూల్ ఆటగాళ్లను చూసుకోవడం అన్నమాట. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు.

ముందు నిబంధన సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవంతా అందులోనే ఉంది. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అప్పటి లెక్క ప్రకారం, ఒక కాలేజీ తన ఫుట్‌బాల్ క్యాంపును సొంత రాష్ట్రంలో పెట్టుకోవాలి. రాష్ట్రం దాటాలంటే క్యాంపస్ నుంచి 50 మైళ్ల లోపే ఉండాలి. బాగానే ఉంది. కానీ వేరేవాళ్లు పెట్టిన క్యాంపుకి అతిథి కోచ్‌గా వెళ్లకూడదని ఆ రూల్లో ఎక్కడా లేదు. సందు దొరికింది కదా! ఏదో చిన్న కాలేజీయో, హైస్కూలో క్యాంపు పెడుతుంది, పెద్ద కాలేజీ కోచ్ దానికి "పనిచేయడానికి" వస్తాడు. ఈ సందు హార్బా కనిపెట్టింది కాదు. 2014లోనే పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ జార్జియా స్టేట్ క్యాంపుకీ, ఫ్లోరిడాలోని స్టెట్సన్ క్యాంపుకీ వెళ్లొచ్చాడు. హార్బా దాన్ని ఊరేగింపుగా మార్చాడు, అంతే. 2015 జూన్‌లో ఏడు రాష్ట్రాల్లో తొమ్మిది క్యాంపులు తిరిగాడు.

దక్షిణాది కాలేజీలకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. ఎస్‌ఈసీ, ఏసీసీ అనే రెండు పెద్ద కాన్ఫరెన్సులు (అంటే తమలో తాము పోటీపడే కాలేజీల సంఘాలు) తమ కోచ్‌లకి తామే కట్టు వేసుకున్నాయి: 50 మైళ్లు దాటి అతిథి కోచింగ్ కూడా చేయకూడదని. అంటే మిషిగన్ కోచ్ అలబామా రావచ్చు, అలబామా కోచ్ మిషిగన్ వెళ్లకూడదు. ఆటగాళ్లు ఎక్కువ దొరికేదేమో ఫ్లోరిడా, జార్జియా, టెక్సస్, అలబామాల్లో. తమ చేతులు తామే కట్టేసుకుని, పక్కవాడి చేతులు కూడా కట్టమని పంచాయతీకి వెళ్లారు వీళ్లు.

పంచాయతీ తీర్పు 2016 ఏప్రిల్ 8న వచ్చింది. ఎన్‌సీఏఏలో పై స్థాయి కాలేజీల సంగతి చూసే డివిజన్ వన్ కౌన్సిల్ శాటిలైట్ క్యాంపుల్ని నిషేధించింది, అదీ వెంటనే అమల్లోకి వచ్చేలా. ఓట్లు 10కి 5. ఇందులో పది కాన్ఫరెన్సులకు ఓటుంటే, పెద్ద ఐదింటి ఓటు రెండేసి లెక్క. ఎస్‌ఈసీ, ఏసీసీ, బిగ్ 12, ప్యాక్-12, మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్ నిషేధం వైపు. బిగ్ టెన్, అమెరికన్ అథ్లెటిక్, కాన్ఫరెన్స్ యూఎస్ఏ, మిడ్-అమెరికన్ వద్దన్న వైపు. తమాషా ఏంటంటే, ప్యాక్-12లో ఎక్కువ కాలేజీలు నిషేధం వద్దనుకున్నాయని తర్వాత బయటపడింది. అయినా వాళ్ల ప్రతినిధి వేసిన రెండు ఓట్లు నిషేధానికే పడ్డాయి. ఆ రెండూ అటు పడి ఉంటే లెక్క 8కి 7.

నిషేధం బతికింది ఇరవై రోజులు. ఏప్రిల్ 28న ఎన్‌సీఏఏ బోర్డు దాన్ని ఎత్తేసింది. ఎత్తేయించిన ఒత్తిడి హార్బా ఒక్కడి నుంచే వచ్చింది కాదు. అసలు దెబ్బ ఎవరికి తగిలిందో ఆ మూడు వారాల్లోనే అందరికీ తెలిసొచ్చింది. హైస్కూల్ కోచ్‌లు, చిన్న కాలేజీల కోచ్‌లు, పెద్దగా పేరులేని ఆటగాళ్లు గట్టిగా మాట్లాడారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు చూశారా, సరిగ్గా అదే. ఫైవ్ స్టార్ కుర్రాడికి, అంటే అందరికంటే పై రేటింగ్ ఉన్నవాడికి, శాటిలైట్ క్యాంపుతో పనిలేదు. వాడి ఇంటికే కోచ్‌లు వస్తారు. ఈ క్యాంపు అవసరం మూడో వరసలో ఉన్నవాడిది.

ఎలాగో చెప్తాను. జార్జియాలో ఒక చిన్న కాలేజీ క్యాంపు పెట్టిందనుకుందాం. మామూలుగా అయితే వందమంది కూడా రారు. "ఫలానా పెద్ద యూనివర్సిటీ కోచ్‌లు వస్తున్నారు" అని పోస్టర్ వేస్తే వందల్లో వస్తారు. పెద్ద కోచ్ తనకి కావాల్సిన ఇద్దరు ముగ్గుర్ని చూసుకుంటాడు. మిగతా వాళ్లందరినీ చూసేది ఎవరు? అదే గ్రౌండ్‌లో నిలబడ్డ మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ కోచ్, ఎఫ్‌సీఎస్ (డివిజన్ వన్‌లోనే రెండో అంచె) కోచ్, దాని కింది డివిజన్ టూ కోచ్. వాళ్లకి దేశమంతా తిరిగే బడ్జెట్ ఉండదు. ఒక్కరోజులో, ఒక్కచోట, వందల మందిని స్వయంగా చూసే అవకాశం ఇది. క్యాంపు పెట్టిన చిన్న కాలేజీకి ఫీజు డబ్బులు వస్తాయి, పిల్లలు తన క్యాంపస్ చూస్తారు. ఇలా చాలా కాలేజీల కోచ్‌లు ఒకేచోట చేరేవాటిని మెగా క్యాంపులు అంటారు. జార్జియాలో మెర్సర్, కెన్నెసా స్టేట్, మిస్సోరిలో లిండెన్‌వుడ్ వీటికి పేరుమోసినవి.

అవతలి వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. 2016లో అలబామా కోచ్ నిక్ సేబన్ గట్టిగా అడిగింది ఇదే: క్యాంపు పెట్టేది ఎవరు? మధ్యవర్తి ఎవడో క్యాంపు పెట్టి, "నా దగ్గర మంచి ఆటగాళ్లున్నారు, మీ కోచ్‌ల్ని పంపండి" అని బేరం పెడితే లెక్క అడిగేదెవరు? దానికి హార్బా ట్విట్టర్‌లో ఎదురుదాడికి దిగాడు, అది వేరే కథ. కానీ సేబన్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

2017 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త నిబంధనలు ఆ ప్రశ్నకి జవాబు. క్యాంపు ఎన్‌సీఏఏ సభ్య కాలేజీ క్యాంపస్‌లోనే, లేదా ఆ కాలేజీ ప్రధానంగా వాడుకునే గ్రౌండ్‌లోనే జరగాలి. అంటే హైస్కూల్ గ్రౌండ్లలో ఊరేగింపు బంద్. పై స్థాయి కోచ్‌లు క్యాంపుల్లో పాల్గొనడం జూన్, జూలై నెలల్లో 10 రోజులకు కుదించారు. ఇంకో మంచి మార్పు: క్యాంపుకి వచ్చిన ఆటగాడితో కోచ్ అక్కడే రిక్రూటింగ్ గురించి, అంటే తన కాలేజీ జట్టులోకి తీసుకోవడం గురించి, మాట్లాడొచ్చు. అంతకుముందు కోచ్ ఎదురుగా నిలబడి ఆట నేర్పుతూ కూడా ఆ మాట ఎత్తకూడదు, హాస్యాస్పదంగా ఉండేది. చదువు అర్హతలు, జూదం, ఏజెంట్లు, డ్రగ్స్ నిబంధనల మీద క్యాంపులోనే ఒక క్లాసు చెప్పాలన్నది కూడా అప్పుడే వచ్చింది.

పాత నిబంధనల్లో మారనివి కొన్ని ఉన్నాయి. క్యాంపు అందరికీ తెరిచి ఉండాలి. వయసు, తరగతి, సంఖ్య వంటి పరిమితులు పెట్టొచ్చుగానీ, "మేం పిలిచినవాళ్లకే" అనకూడదు. స్టార్ ఆటగాడైనా సరే ఫీజు కట్టాల్సిందే, కాలేజీ వాడికి ఉచితంగానో తగ్గించో ఇవ్వకూడదు, ప్రయాణ ఖర్చులు పెట్టకూడదు. హైస్కూల్ కోచ్‌ని క్యాంపులో పనికి పెట్టుకోవచ్చు, కానీ ఎంతమంది పిల్లల్ని తెచ్చాడన్న లెక్కన జీతం ఇవ్వకూడదు.

ఇక గ్రౌండ్‌లోకి వెళ్దాం. నిజానికి ఇది పెళ్లిచూపుల్లాంటిదే, కాకపోతే ఐదొందల మందికి ఒకేపూట. రాగానే సంతకాలు చేసిన హామీ పత్రం, ఇన్సూరెన్స్ కార్డు కాపీ చూపించాలి. ఒక నంబర్ ఇస్తారు. ఆరోజంతా కుర్రాడి పేరు అదే. తర్వాత బూట్లు విప్పి ఎత్తు, బరువు, చేతుల పొడవు కొలుస్తారు. చాలామంది పరువు పోయేది ఇక్కడే. హైస్కూల్ జట్టు జాబితాలో ఆరడుగుల రెండంగుళాలు అని రాసుకున్నవాడు టేపు దగ్గర ఆరడుగులకే ఆగిపోతాడు. కోచ్‌లు క్యాంపుకి రావడానికి సగం కారణం ఈ టేపే. వీడియోలో ఎత్తు తెలియదు.

తర్వాత పరుగులు, దూకుళ్లు. 40 గజాల పరుగు, నిలబడిన చోటి నుంచి ముందుకి దూకడం, 20 గజాల షటిల్. షటిల్ అంటే అయిదు గజాలు ఒకవైపు, పది గజాలు రెండోవైపు, మళ్లీ అయిదు వెనక్కి. స్టాప్‌వాచ్‌తో చేత్తో తీసిన టైమ్ ఎలక్ట్రానిక్ టైమ్ కంటే సుమారు 0.2 సెకను తక్కువ వస్తుంది. స్కూల్లో 4.6 అని చెప్పుకున్న కుర్రాడు లేజర్ దగ్గర 4.8 పరిగెత్తి కంగారుపడతాడు. వాడు నెమ్మదించలేదు, గడియారం మారింది. అందుకే ప్రతి టైమ్ పక్కనా అది చేత్తో తీసిందో, లేజరో రాసుకోవాలి.

అసలు పరీక్ష వన్-ఆన్-వన్‌లో. బంతి పట్టుకునే రిసీవర్, అతన్ని అడ్డుకునే డిఫెన్సివ్ బ్యాక్ ఒకరికొకరు. లైన్‌మెన్ అయితే ఒకడు తోసుకొస్తాడు, ఇంకొకడు ఆపుతాడు. ఈ ఆట ఎలాగూ ఒకవైపుకి మొగ్గే ఉంటుందని కోచ్‌లకి తెలుసు. ఎటు పరిగెత్తాలో రిసీవర్‌కి ముందే తెలుసు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రారు. కాబట్టి రిసీవర్ బంతి పట్టేసినంత మాత్రాన డిఫెండర్ ఓడినట్టు కాదు. నడుము ఎంత త్వరగా తిప్పాడు, ఓడిన తర్వాత ఎలా తేరుకున్నాడు, అదీ చూస్తారు. ఆఫెన్సివ్ లైన్‌మన్ దగ్గర పాదాలు చూస్తారు. మణికట్టు, చీలమండ, భుజాల వెడల్పు చూసి ఇంకా ఎంత పెరుగుతాడో అంచనా వేస్తారు. తల్లిదండ్రుల ఎత్తు అడిగే కోచ్‌లు కూడా ఉన్నారు, ఆశ్చర్యపోకండి.

మెగా క్యాంపుతో పెద్ద చిక్కు ఏంటంటే వంతులు రావు. లెక్క వేద్దాం. 60 మంది రిసీవర్లు, రెండు వరసలు, 40 నిమిషాలు. ఒక్కో వంతుకి అర నిమిషం. వరసకి 80, మొత్తం 160 వంతులు. తలా మూడు కూడా రావు. అందులో ఒకటి క్వార్టర్‌బ్యాక్ తప్పుగా విసిరితే పోయినట్టే. మొహమాటపడి వెనక నిలబడ్డవాడికి రెండే వస్తాయి. కాబట్టి వరసలో ముందుండాలి, అయిపోగానే మళ్లీ వచ్చి నిలబడాలి. గెలిస్తే ఇంకా గట్టివాడిని అడగాలి. ముదురు రంగు సాక్స్ వేసుకుంటే దూరం నుంచి గుర్తుపడతారన్నది చిన్న చిట్కా, పనిచేస్తుంది కూడా.

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మన తెలుగు కుటుంబాలకి టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ ఏ స్థాయిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. పిల్లాడు ఆడుతుంటే మీకు తప్పకుండా ఈమెయిల్ వస్తుంది: "మా క్యాంపుకి మీరు ఆహ్వానితులు." దాన్ని చూసి బంధువులకి ఫోన్లు చేయకండి. క్యాంపు సమాచారం ఏ వయసువాళ్లకైనా పంపొచ్చు, వేలమందికి వెళ్తుంది. అది ఆసక్తికి గుర్తు కాదు. గుర్తు ఏదంటే, కుర్రాడు ఆడే పొజిషన్‌కి కోచ్ అయిన వ్యక్తి పేరుపెట్టి వాడి వీడియోలో ఫలానా ఆట గురించి రాయడం. అది కూడా హైస్కూల్ మూడో ఏడాది సెప్టెంబర్ 1 తర్వాతే మొదలవుతుంది, అంతకుముందు రిక్రూటింగ్ మెసేజ్‌లు పంపకూడదు. క్యాంపులో "ఆఫర్ ఇస్తున్నాం" అని నోటితో అన్నా అది కాగితం కాదు. రాతపూర్వకంగా ఇచ్చేది ఆఖరి ఏడాది ఆగస్టు 1 తర్వాతే.

ఇప్పుడు పరిస్థితి ఇంకా బిగుసుకుంది. 2021 నుంచి ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి మారిన ఆటగాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు. 2025 నుంచి, ఆదాయాన్ని ఆటగాళ్లతో పంచుకునే ఒప్పందంలో చేరిన కాలేజీల జట్టులో 105 మందికే చోటు. ఇరవై రెండేళ్ల అనుభవజ్ఞుడు బజార్లో దొరుకుతుంటే పదిహేడేళ్ల కుర్రాడి కోసం ఎదురుచూడటం ఎందుకని కోచ్‌లు అనుకుంటున్నారు. దాంతో పై స్థాయికి వెళ్లాల్సిన కుర్రాళ్లు చిన్న కాలేజీల వైపు జారుతున్నారు. క్యాంపు ఎంచుకునేటప్పుడు పోస్టర్ మీద పెద్ద లోగో ఏదని కాదు, మధ్య స్థాయి కాలేజీలు ఎన్ని వస్తున్నాయని చూడమనేది అందుకే.

చదువు సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదనుకుంటాం, కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. డివిజన్ వన్‌లో ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ప్రధాన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ 16లో 10 ఆఖరి ఏడాది మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. మొత్తం జీపీఏ బాగున్నా, తీసుకున్న క్లాసు ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేకపోతే లెక్కలోకి రాదు. స్కూల్ కౌన్సెలర్‌ని ముందే అడగండి.

క్యాంపు ముందురోజు నుంచే నీళ్లు బాగా తాగించండి. జూన్‌లో జార్జియా, టెక్సస్ ఎండ మన ఏప్రిల్ ఎండకేం తీసిపోదు, ఆరోజు పొద్దున తాగితే చాలదు. గడ్డికీ టర్ఫ్‌కీ (కృత్రిమ గడ్డికి) వేర్వేరు బూట్లు, మౌత్‌గార్డ్ సంచిలో ఉండాలి. ముప్పావుగంట ముందే చేరుకోండి, కొలతల వరస అప్పటికే కట్టి ఉంటుంది. అయిపోయిన రాత్రే, మాట్లాడిన ప్రతి పొజిషన్ కోచ్‌కీ కుర్రాడే స్వయంగా ఈమెయిల్ రాయాలి, మీరు కాదు. అయిదారు వాక్యాలు చాలు: క్యాంపు పేరు, తన నంబర్, పొజిషన్, ఆరోజు కొలిచిన ఎత్తు బరువులు, వీడియో లింకు. మార్కుల జాబితా జతచేయాలి. నంబర్ మాత్రం సబ్జెక్ట్ లైన్‌లోనే పెట్టమనండి. ఆ కోచ్ చేతిలో ఉన్న కాగితం మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి.