ట్రక్కు లేపాం, మరి ట్రైలర్ సంగతి?

అందరికీ నమస్కారం. ట్రక్కు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించుకున్నవాళ్లు చేతులెత్తమంటే సగం హాలు ఎత్తింది. అందులో ట్రైలర్ లాగేవాళ్లు ఎవరంటే ఇంచుమించు అవే చేతులు. ట్రక్కుకి ట్రైలర్ తగిలించే హిచ్ కొనేముందు టేపుతో కొలిచిందెవరు అని అడిగితే మాత్రం నాలుగు చేతులే లేచాయి. ఈరోజు మాట్లాడేది మిగతావాళ్లతోనే. ఒకప్పుడు నేనూ ఆ మిగతావాళ్లలో ఒకణ్ణి.

నా ట్రక్కుకి 6 అంగుళాల కిట్ వేయించిన కొత్తలో నా లెక్క చాలా సింపుల్. 6 అంగుళాలు లేచింది కాబట్టి పాత బాల్ మౌంట్ (ట్రైలర్ కూర్చునే గుండ్రటి బాల్‌ని మోసే ఇనుప ముక్క) కంటే 6 అంగుళాలు ఎక్కువ దిగేది కొంటే సరి అనుకున్నాను. కొన్నాను, తగిలించాను. ట్రైలర్ ముక్కు నేలలోకి దూరిపోతున్నట్టు వాలింది. తప్పు అమ్మినవాడిది కాదు, నాదే.

కిట్ డబ్బా మీద ఉండే అంకె చాలాసార్లు ముందువైపు ఎత్తుకి సంబంధించినది. వెనకవైపు అంతకంటే తక్కువ లేపే కిట్లు బోలెడు. ఎందుకంటే ఖాళీ ట్రక్కు వెనక భాగం మామూలుగానే కొంచెం ఎత్తుగా ఉంటుంది, కిట్ వేసేటప్పుడు దాన్ని సమం చేస్తారు. ఇక టైర్ల సంగతి. 32 అంగుళాల టైరు తీసి 37 వేస్తే ట్రక్కు 5 అంగుళాలు లేవదు. వ్యాసం పెరిగిన దాంట్లో సగం, అంటే రెండున్నర అంగుళాలే. ఈ కూడికలూ తీసివేతలూ నోటితో తేలవు, కొలవాల్సిందే.

కొలిచే పద్ధతి చెప్తాను. నేల చదునుగా ఉండాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. ట్రక్కులో మీరు రోజూ వేసే సామాను, ఎక్కే మనుషులు ఉండాలి. ట్రక్కు వెనక బాల్ మౌంట్ దూరే గొట్టమే రిసీవర్. నేల నుంచి ఆ గొట్టం లోపలి పైఅంచు దాకా కొలవండి. తర్వాత ట్రైలర్‌ని దాని జాకీ మీద సమంగా నిలబెట్టండి. కంటితో చూసి సరిపెట్టుకోకండి, ఫ్రేము మీద లెవెల్ పెట్టి చూడండి. నేల నుంచి కప్లర్ (ట్రైలర్ ముక్కు మీద బాల్‌ని పట్టుకునే భాగం) అడుగు దాకా కొలవండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మీకు కావలసిన డ్రాప్, అంటే బాల్ రిసీవర్ కంటే ఎంత కిందికి దిగాలో, వస్తుంది. రిసీవర్ 28 అంగుళాల దగ్గర, కప్లర్ 18 దగ్గర ఉంటే 10 అంగుళాలన్నమాట. ట్రైలర్ బరువు పడగానే ట్రక్కు వెనక భాగం ఇంకో అంగుళమో రెండో కుంగుతుంది. అందుకే 10 వచ్చిందని 10 కొనేయకండి. కుంగాక మళ్లీ కొలవండి. నేను చేయనిది సరిగ్గా అదే.

ట్రైలర్ సమంగా ఉండాలని ఎందుకంత పట్టుదల? ముక్కు పైకి లేచిందంటే హిచ్ మీద పడాల్సిన బరువు తగ్గుతుంది. బంపర్ వెనక తగిలించే మామూలు ట్రైలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అది తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది. ఒక్కసారి ఊపడం మొదలైతే స్టీరింగ్‌తో సరిదిద్దుదామనుకున్న కొద్దీ పెరుగుతుంది. రెండు యాక్సిళ్ల ట్రైలర్ అయితే ఇంకో చిక్కు. ముక్కు లేస్తే బరువంతా వెనక యాక్సిల్ మీదకి, వాలితే ముందు యాక్సిల్ మీదకి పోతుంది. ఆ టైర్లు వేడెక్కుతాయి. సమంగా ఉండాలి, లేదా ముక్కు ఒక పిసరు కిందికి ఉన్నా పరవాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎంత చెట్టుకు అంత గాలి. ఎంత లేపితే అంత డ్రాప్ కావాలి, ఆ డ్రాప్ ఊరికే రాదు. బండరాయి కింద గునపం పెట్టి లేపడం అందరం చూసిందే. గునపం పొడవు పెరిగేకొద్దీ పని తేలిక. ఇక్కడ ఆ గునపం మన రిసీవర్‌కే ఎదురు తిరుగుతుంది.

బ్రేకు వేశారనుకోండి. ట్రైలర్ వెనకనుంచి 2,000 పౌండ్ల బలంతో తోసిందనుకుందాం. బాల్ రిసీవర్ కంటే 2 అంగుళాలు కింద ఉంటే రిసీవర్ మీద పడే మెలి 4,000 అంగుళం-పౌండ్లు. అదే 10 అంగుళాలు కింద ఉంటే 20,000. ట్రైలర్ మారలేదు, రోడ్డు మారలేదు, మెలి మాత్రం అయిదు రెట్లయింది. పైగా బాల్ మీద కిందికి నొక్కే బరువూ, బ్రేకు వేసినప్పటి తోపూ రెండూ మౌంట్‌ని ఒకే దిక్కుకి తిప్పుతాయి. గ్యాస్ తొక్కి లాగినప్పుడేమో తిప్పుడు ఎదురు దిక్కు. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోతుంటే ఆ ఇనుము అటూ ఇటూ మెలి తిరుగుతూనే ఉంటుంది. తీగని వంచి వంచి తుంచినట్టు.

చాలా అడ్జస్టబుల్ మౌంట్లకి (కన్నాలు మార్చి బాల్‌ని పైకి కిందికి జరుపుకునేవి) డ్రాప్ పెరిగేకొద్దీ రేటింగ్, అంటే మోయగల బరువు హద్దు, తగ్గేది ఇందుకే. కాబట్టి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకె చూసి మురిసిపోవద్దు. మీరు వాడబోయే కన్నం దగ్గర, ఆ డ్రాప్‌లో ఎంత మోస్తుందో చిన్న అక్షరాల్లో వెతకండి. ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే, అవి సరిగ్గా పట్టేలా సెట్ చేసి ఉంటే ట్రక్కుని తోసే బలం బాగా తగ్గుతుంది. పెద్ద డ్రాప్ వాడేవాళ్లకి ట్రైలర్ బ్రేకులు తప్పనిసరి అన్నది నా అభిప్రాయం. ఇందులో బేరం లేదు.

రేటింగ్‌ల గురించి క్లుప్తంగా. ట్రక్కు, రిసీవర్, బాల్ మౌంట్, బాల్, కప్లర్, చైన్లు, ప్రతిదానికీ ఒక హద్దు ఉంటుంది. అందులో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ హద్దు. బాల్ సైజులు ప్రధానంగా మూడు: 1 7/8, 2, 2 5/16 అంగుళాలు. రెండంగుళాల బాల్ మీద పెద్ద కప్లర్ కూర్చుంటుంది, లాక్ కూడా పడినట్టే అనిపిస్తుంది. గతుకు వచ్చినప్పుడు లేచిపోతుంది. బాల్ నెత్తిన సైజు చెక్కి ఉంటుంది, తుడిచి చదవండి.

రెండున్నర అంగుళాల రిసీవర్‌లో రెండంగుళాల షాంక్ (మౌంట్‌లో రిసీవర్ లోపలికి దూరే కడ్డీ) పెట్టడానికి మధ్యలో స్లీవ్ అనే తొడుగు వేస్తారు. పని జరుగుతుంది కానీ కొంచెం వదులు మిగులుతుంది. పొడవాటి మౌంట్‌లో ఆ వదులు టకటకమంటూ దారి పొడుగునా వినిపిస్తుంది. వీలైతే రిసీవర్‌కి సరిపడే షాంకే కొనండి. ఒకే ట్రైలర్ లాగేవాళ్లకి నా ఓటు సరైన డ్రాప్‌తో, ఒకే ముక్కగా వచ్చే ఉక్కు మౌంట్‌కి. మూడు రకాల ట్రైలర్లు ఉంటే అడ్జస్టబుల్. అద్దంలా మెరుస్తుందని అల్యూమినియంది కొంటామంటే కొనుక్కోండి, రేటింగ్ ఉన్నంతవరకూ నాకేం అభ్యంతరం లేదు.

చైన్ల దగ్గర చాలామంది దొరికిపోతారు. చైన్ తగిలించే రింగులు రిసీవర్ దగ్గర, పైన ఉంటాయి. కప్లర్ చూస్తే పది అంగుళాలు కింద. దాంతో చైన్ చాలదు. అప్పుడు కొందరు చైన్‌ని బాల్ మౌంట్‌కే చుట్టేస్తారు. మౌంట్ ఊడొస్తే చైన్ కూడా దాంతోపాటే పోతుందిగా! రేటింగ్ ఉన్న పొడవాటి చైన్ వేయించండి. కప్లర్ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేస్తే, కప్లర్ ఊడినా నేలకి తగలకుండా ఊయలలా పట్టుకుంటాయి. మలుపులో బిగుసుకోకూడదు, రోడ్డు మీద ఈడ్చుకోకూడదు. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే కేబుల్ కూడా నేరుగా ట్రక్కుకే, చైన్ కొక్కేనికి కాదు.

హిచ్ ఎంత మంచిదైనా లిఫ్ట్ తీసుకెళ్లిపోయినది తిరిగి ఇవ్వలేదు. కంపెనీ రాసిన లాగే సామర్థ్యం కంపెనీ ఎత్తుకే. 32 నుంచి 37 టైర్లకి మారితే 3.73 యాక్సిల్ గేరు సుమారు 3.23లా పనిచేస్తుంది, అంటే లాగే పట్టు తగ్గుతుంది. స్పీడోమీటర్ సరిచేయించకపోతే అది 60 చూపిస్తుంటే నిజంగా మీరు 69 మీద పోతుంటారు, వెనకాల ట్రైలర్‌తో. వెనక స్ప్రింగులకి తోడుగా గాలి నింపే ఎయిర్‌బ్యాగులు వేస్తే కుంగిన వెనక భాగం లేస్తుంది, అంతే. యాక్సిల్ మోసే బరువు ఒక్క పౌండు కూడా పెరగదు. అందుకే ఎప్పుడూ లాగేవాళ్లు ఎవరైనా అడిగితే లిఫ్ట్ తగ్గించుకోమనే చెప్తాను. లేదంటే ట్రైలర్‌నే కొంచెం పైకి లేపండి. కప్లర్‌ని పైకి కిందికి జరుపుకునే చానల్ ఉన్న ట్రైలర్లున్నాయి, నాలుగంగుళాలు అక్కడే కలిసొస్తే మౌంట్ అంత పొట్టిదవుతుంది.

ఇంకొక్క మాట, టాపిక్ బయటిదే అయినా. బురదలో దిగబడ్డ బండిని లాగడానికి పట్టీని బాల్‌కి తగిలించకండి. కుదుపుకి బాల్ విరిగితే తూటాలా వస్తుంది. మనుషులు పోయారు.

పొడవాటి మౌంట్ పని లేనప్పుడు తీసేయండి, వాలుదారి ఎక్కేటప్పుడు అదే ముందు గీసుకుంటుంది, మోకాలి చిప్పకీ అదే తగులుతుంది.

నా ట్రక్కు బయటే ఉంది, ట్రైలర్ తగిలించకుండా పక్కనే పెట్టాను. టేపు, లెవెల్ ఇక్కడున్నాయి. నా అంకెలు నేను చెప్పను. మీలో ఇద్దరు వచ్చి కొలిచి, డ్రాప్ ఎంతో చెప్పండి.